అప్‌డేట్: మా రాణి దక్కలేదు

మా గుర్రం మేత ముట్టట్లేదు, కాలితో నేల తవ్వుతోంది, మాటిమాటికీ పొట్ట వైపు చూసుకుంటోంది, ఏం చేయాలని మొన్న అడిగాను. ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని పిలవమన్నారు. పిలిచాం. అయినా రాణి తెల్లవారేలోపే చనిపోయింది.

పేగు మెలిపడిందని డాక్టర్ గారు చెప్పారు. మామూలు కడుపునొప్పి చాలావరకు మందులతో తగ్గుతుందట. మెలిపడితే మాత్రం పేగుకు రక్తం అందదు, గంటల్లోనే ఆపరేషన్ చేయాలి. గుర్రాలు వాంతి చేసుకోలేవు కాబట్టి ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేశారు. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. రాణిది 80 దాటింది. మా హనుమకొండలో ఆ రాత్రివేళ గుర్రానికి ఆపరేషన్ చేసేవాళ్లు దొరకలేదు.

ఎన్ని పెళ్లి బరాత్‌లు, ఎంత డప్పుల మోత! ఒక్కసారి కూడా బెదరలేదు. అలాంటి ఓపికైన జీవం మళ్లీ దొరకదు. బాపు ఇంకా సరిగ్గా అన్నం తినట్లేదు.

గుర్రాలున్నవాళ్లు దయచేసి వినండి. మేత మానేసి, లద్దె వేయకుండా, పడి దొర్లుతుంటే పొద్దున చూద్దాం అనుకోకండి. చిగుళ్ల రంగు మారిందా చూడండి, నోటి ద్వారా ఏమీ పోయకండి. పశువైద్యం కోసం 1962కి ఫోన్ చేయొచ్చు.

జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు దండాలు. ఇంకో గుర్రం ఇప్పుడే వద్దంటున్నాడు బాపు. మేమూ అడగట్లేదు.