1240 గ్రాముల పాపకు విటమిన్ కె అర మిల్లీగ్రామే ఇచ్చారు, సరిపోతుందా?

ప్రశ్న (ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు)

మా పాప 30 వారాలకే, 1240 గ్రాముల బరువుతో పుట్టింది. ఐదు వారాలు ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉండి, పోయిన శుక్రవారం ఇంటికి వచ్చింది. డిశ్చార్జి కాగితాలు చదువుతుంటే, పుట్టిన రోజున, రక్తస్రావం కాకుండా ఇచ్చే విటమిన్ కె 0.5 మిల్లీగ్రాములు తొడ కండరంలోకి ఇచ్చినట్లు కనిపించింది. అనంతపురంలో మా తోడికోడలికి నెలలు నిండి పుట్టిన బాబుకు 1 మిల్లీగ్రాము ఇచ్చారు. రక్తస్రావం భయం చిన్న బిడ్డకే ఎక్కువ కదా, మరి మందు సగమే ఎందుకు ఇచ్చారు? మిగతా సగం ఇప్పుడు ఇప్పించాలా? చుక్కల మందు వేయిస్తే చాలదా అని మా అత్తగారు అడుగుతున్నారు.

జవాబు (నవజాత శిశువుల వార్డు నర్సు, బెంగళూరు)

అమ్మా, మీ పాప బరువుకు అది పూర్తి మోతాదే. నెలలు నిండని బిడ్డలకు కిలోకు 0.4 మిల్లీగ్రాముల చొప్పున, మొత్తం 1 మిల్లీగ్రాము దాటకుండా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, 1.24 కిలోలకు లెక్క కట్టి చూడండి, అర మిల్లీగ్రామే వస్తుంది. మన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 1000 గ్రాముల దగ్గర గీత గీసి, ఆ పైవారికి 1, లోపువారికి 0.5 అన్నాయి కాబట్టి, ఇదే పాప ఇంకో ఆసుపత్రిలో పుట్టి ఉంటే 1 మిల్లీగ్రాము ఇచ్చేవారేమో, అదీ తప్పు కాదు. మేము ఎక్కువ జాగ్రత్త పడేది ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) విషయంలో: అర మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉన్నదీ, ఒక మిల్లీలీటరులో 10 ఉన్నదీ రెండూ దొరుకుతాయి, అందుకే ఇద్దరం లేబుల్ చదివాకే సిరంజిలోకి తీస్తాము.

జవాబు (పిల్లల వైద్యుడు, చెన్నై)

తల్లి నుంచి విటమిన్ కె మాయను దాటి బిడ్డకు చేరేది చాలా స్వల్పం, తల్లిపాలలోనూ తక్కువే. అది లేకపోతే కాలేయం రక్తం గడ్డకట్టడానికి కావలసిన 2, 7, 9, 10 కారకాలు అనే ప్రోటీన్లను పనికొచ్చే రూపంలో తయారుచేయలేదు. కండరంలోకి ఇచ్చిన మందు అక్కడ నిల్వ ఉండి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంది. నెలలు నిండని బిడ్డకు చుక్కల మందు దానికి సాటి రాదు, ఆ సంగతి అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. మోతాదు విషయంలో ఇంత జాగ్రత్తకు ఒక పాత కారణం కూడా ఉంది: 1950ల నాటికి వాడుకలో ఉన్న కృత్రిమ కె3 రకాన్ని ఎక్కువగా ఇచ్చినప్పుడు ఎర్ర రక్తకణాలు పగిలి, పసికందులకు తీవ్రమైన కామెర్లు వచ్చాయి. ఇప్పుడు ఇస్తున్న కె1కు ఆ దోషం లేదు.

ఇంకో సూది సొంతంగా వేయించవద్దు. పాలలో ఫోర్టిఫైయర్ (తల్లిపాలకు అదనపు పోషకాలు చేర్చే మిశ్రమం) కలుపుతున్నారా, యాంటీబయాటిక్స్ ఎన్నాళ్లు వాడారు అన్నవి చూసి మీ వైద్యులే నిర్ణయిస్తారు. విటమిన్ కె లోపంతో ఆలస్యంగా వచ్చే రక్తస్రావం రెండో వారం నుంచి ఆరు నెలల వరకు కనిపించవచ్చు, అది మెదడులో జరిగితే ప్రమాదం. బొడ్డు నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, కారణం లేని కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం, ఉబ్బిన మాడు, పాలు తాగకుండా మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి. కామెర్లు తగ్గకుండా మలం సున్నంలా తెల్లగా పాలిపోతే పైత్యరసం పేగులోకి దిగడం లేదేమోనని అనుమానించాలి, ఎందుకంటే పైత్యరసం లేనిదే ఈ విటమిన్ ఒంటికి పట్టదు.

ప్రశ్న అడిగిన తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫోర్టిఫైయర్ రోజూ కలుపుతున్నాము, మలం పసుపుపచ్చగానే ఉంది. సోమవారం చెకప్‌కు డిశ్చార్జి కాగితం తీసుకువెళ్లి ఈ విషయమే మొదట అడుగుతాను.