అడ్డపొగపై తొలి పరిశోధనలు ఎలా చేశారు?

మా నాయనమ్మది శ్రీకాకుళం తీరం. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. తెల్లబారిన ఆమె అంగిలి మీద ఎర్రటి చుక్కలు నాకింకా గుర్తు.

ఈ మధ్య బ్రిటిష్ పరిశోధకులు డాల్, హిల్‌ల గురించి చదివాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల పొగ అలవాటును ఇతర రోగులతో పోల్చి 1950లో ఫలితాలు ప్రకటించారు. 1951లో బ్రిటన్ వైద్యులకే వారి పొగ అలవాటు గురించి ప్రశ్నపత్రాలు పంపి, ఏళ్ల తరబడి వారి మరణాలను లెక్కించారు. ఎంత ఓపిక!

మరి 1960లలో శ్రీకాకుళం పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించినవారు ఏ పద్ధతి పాటించారు? అడ్డపొగ ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు కదా, పోల్చడానికి తాగనివారిని ఎలా ఎంచుకున్నారు? దంతవైద్యులు, గణాంకశాస్త్రం తెలిసినవారు దయచేసి వివరించగలరా? అప్పటి సర్వే బృందం మీ ఊరికి వచ్చిన సంగతి ఇంట్లో పెద్దలు చెప్పి ఉంటే, అదీ రాయండి.