గోల్ఫ్ డ్రైవర్‌తో కొడితే బంతి కుడివైపుకు వంగిపోతోంది

ప్రశ్న (బరంపురం): కుడిచేతి వాటం వాడిని, గోల్ఫ్‌కు కొత్త. ఇక్కడి ఖాళీ మైదానంలో సాధన చేస్తూ, వీలు చిక్కినప్పుడు విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కు వెళ్తుంటాను. సెవెన్ ఐరన్‌తో (మధ్యరకం దూరానికి వాడే కర్ర) ఫర్వాలేదు గానీ, డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి కర్ర) పట్టుకుంటే బంతి ఎడమకు బయలుదేరి కుడికి వంగిపోతోంది. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు (పర్లాకిమిడి): బంతి బయలుదేరే దిక్కును ప్రధానంగా క్లబ్ (గోల్ఫ్ కర్ర) ముఖం, అంటే బంతికి తగిలే భాగం, నిర్ణయిస్తుంది, వంపు మాత్రం ఆ ముఖానికీ క్లబ్ కదిలే దారికీ మధ్యనున్న తేడా వల్ల వస్తుంది. మీ క్లబ్ బయటి నుంచి లోపలికి (బంతికి అవతలివైపు నుంచి మీ వైపుకు), ముఖం చూసే దిక్కు కంటే ఎడమకు కోసుకుపోతోందన్నమాట. ఐరన్‌కు ముఖం వాలు ఎక్కువ కనుక ఆ తప్పు అంతగా బయటపడదు. బంతికి అవతలివైపు, కాస్త వెనుకగా ఒక తువ్వాలు మడిచి పెట్టి, దానికి తగలకుండా కొట్టి చూడండి. కుడికి పోతోంది కదా అని ఇంకా ఎడమకు గురి పెట్టడం మాత్రం వద్దండీ, రోగం ముదురుతుంది.

జవాబు (రాయగడ): పట్టు కూడా చూసుకోండి. పైనుంచి చూస్తే ఎడమచేతి కణుపులు రెండైనా కనబడాలి. ఒక్కటే కనబడితే క్లబ్ ముఖం తెరుచుకునే (కుడికి తిరిగే) అవకాశం ఎక్కువ. బంతిని ఎడమ మడమకు ఎదురుగా ఉంచండి. మీ ఊరి సముద్రపు గాలి ఎదురుగా వీస్తే వంపు మరింత పెరుగుతుంది, ఆ రోజు కొట్టినవాటిని లెక్కలోకి తీసుకోకండి.