ఫిషింగ్ అంటే వలా, గాలమా?

నకిలీ మెసేజ్‌లతో మన రహస్యాలు రాబట్టే ఫిషింగ్ మొదలుకొని, కంప్యూటర్లకూ ఫోన్లకూ పొంచి ఉన్న ముప్పుల పేర్లను తెలుగులో ఎలా చెప్పుకోవాలన్న ఈ చర్చలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఇంగ్లీషు పేర్లనే తెలుగు లిపిలో రాసుకుంటే చాలునని కొందరు మిత్రులు అంటున్నారు. ప్రతి పేరుకూ ఒక సంస్కృత సమాసం కట్టాలని మరికొందరు పట్టుబడుతున్నారు. నాకు ఈ రెండు దారులూ నచ్చలేదు. ముప్పుకు పెట్టే పేరు హెచ్చరికగా కూడా పనిచేయాలి. ఆ మాట చెవిన పడగానే మోసం నడిచే తీరు వినేవారికి తట్టాలి. తట్టే మాట పరాయిదైనా ఉంచుకుందాం. తట్టనప్పుడు మన ఇళ్లలో నలిగిన మాటల్లోనే వెతుకుదాం.

నాకు ఈ పట్టింపు కలగడానికి కారణం చిత్తూరులో ఉండే మా పెద్దమ్మ. కిందటి వేసవిలో నేను తిరుపతి నుంచి వాళ్లింటికి వెళ్లేసరికి ఆమె వసారాలో కూర్చొని, ఫోనును చేయి చాచినంత దూరంలో పట్టుకొని, గ్యాస్ బిల్లు వెనకవైపు ఒక నంబరు రాసుకుంటున్నది. పోయిన నెల కరెంటు బిల్లు అందలేదనీ, రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షన్ తీసేస్తామనీ, వెంటనే ఫలానా అధికారికి ఫోన్ చేయాలనీ మెసేజ్ వచ్చింది. "పెద్దమ్మా, ఇది ఫిషింగ్, ఫోన్ చేయొద్దు" అన్నాను. "అదేందో నాకేం తెలుసు నాయనా, బిల్లు కట్టినట్టే ఉండానే" అంటూ ఆమె రాయడం ఆపలేదు. "నీకు గాలం వేసినారు పెద్దమ్మా" అన్నాక కలం ఆగింది. మెసేజ్‌ను మరోసారి నాచేత చదివించుకొని, "కరెంటు పోతాదనే భయమే కదా దీంట్లో ఎర?" అని అడిగింది. ఫిషింగ్‌కు నేను చదివిన నిర్వచనాలలో ఇంత సూటిగా చెప్పినది ఒక్కటీ లేదు.

ఈ మాట 1990ల మధ్యలో, అమెరికాలోని ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థ ఖాతాదారుల నుంచి పాస్‌వర్డులను మాయమాటలతో రాబట్టేవారి మధ్య వాడుకలోకి వచ్చింది. చేపలవేట అనే ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరమైన ఎఫ్‌ను తీసేసి పి, హెచ్ అనే రెండు అక్షరాలు పెట్టడానికి, అంతకు ముందే ఉన్న ఫ్రీకింగ్ అన్న మాట ఒరవడి అయింది. టెలిఫోన్ వ్యవస్థను ఏమార్చి దానితో ఆడుకొనే విద్యకు, ఫోన్, ఫ్రీక్ అన్న రెండు మాటలను కలిపి ఆ పేరు పెట్టుకున్నారు. అంటే ఆ అక్షరాల మార్పు కంటికి మాత్రమే తెలిసేది, చెవికి అందనిది. మనం ఫిషింగ్ అని రాసినప్పుడు ఆ కంటి గుర్తు కూడా చెరిగిపోతుంది, ఎందుకంటే మన ఫ ఆ రెండింటికీ ఒక్కటే. చివరకు మిగిలేది చేపలవేట ఒక్కటే గనుక దాన్ని తెలుగులోనే చెప్పుకోవడం న్యాయం.

ఇక వలా, గాలమా అన్నది తేల్చాలి. సైబర్ నేరగాళ్ల వలలో చిక్కారు అని పత్రికలు రాస్తాయి, అది తప్పని నేను అనను. అయితే వలలో పడే చేప తాను చేసే పని ఏమీ ఉండదు. దారిన పోతూ చిక్కుకుంటుంది. గాలానికి తగులుకోవాలంటే చేప నోరు తెరిచి ఎరను కొరకాలి. ఫిషింగ్‌లో లింకును నొక్కేదీ, ఓటీపీ చెప్పేదీ, కార్డు నంబరు ఇచ్చేదీ మనమే. ఆ చివరి అడుగు మన చేతిలో ఉన్నదన్న సంగతి గాలం అన్న మాటలో ఉంది, వల అన్న మాటలో లేదు. ఒకే మెసేజ్ వేలమందికి వెళుతుంది కదా, అది వల కాదా అని ఒక మిత్రుడు అడిగారు. ఒకే పొడవాటి తాడుకు వరుసగా గాలాలు కట్టి నీళ్లలో వదిలే పద్ధతి కూడా ఉంది. చిక్కేది మాత్రం కొరికిన చేపే. మన పేరూ ఊరూ ఉద్యోగమూ ముందే తెలుసుకొని ఒక్కరికే గురిపెట్టే రకాన్ని ఇంగ్లీషులో ఈటెతో పోలుస్తారు, మనకూ ఈటె అన్న మాటే చక్కగా సరిపోతుంది. తిరుపతివాళ్లకు ఎర అంటే మరో ఉదాహరణ చెప్పనక్కరలేదు: దర్శనం టికెట్లు, కొండమీద గదులు ఇప్పిస్తామంటూ దేవస్థానం పేరును పోలిన పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొస్తూనే ఉన్నాయి, వాటిని నమ్మవద్దని దేవస్థానం పదేపదే చెబుతూనే ఉంది. అక్కడ ఎర భయం కాదు, భక్తి.

వైరస్ అన్న మాటను మాత్రం ఎవరూ కదిలించవద్దని నా మనవి. 1983లో అమెరికా విద్యార్థి ఫ్రెడ్ కోహెన్ తనను తాను ఇతర ప్రోగ్రాములలోకి ఎక్కించుకొనే ప్రోగ్రామును చేసి చూపినప్పుడు, దానికి ఈ పేరు సూచించినవారు ఆయన గురువు లెనర్డ్ ఏడెల్‌మన్. లాటిన్‌లో ఆ మాటకు విషమని అర్థం. సంస్కృత విష శబ్దమూ ఈ లాటిన్ శబ్దమూ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. అచ్చుల నడుమ ఉన్న సకారం లాటిన్‌లో రేఫగా మారడం వల్ల మనకు విష్ అని వినిపించేది వారికి విర్ అయింది. ఆ చుట్టరికం తెలియకుండానే మనవాళ్లు వైరల్ జ్వరాలను విషజ్వరాలు అన్నారు. ఇంత దగ్గరి బంధువును పరాయిదని వెళ్లగొట్టనక్కరలేదు.

వార్మ్‌కు పురుగు చాలు. వైరస్‌కు మరో ఫైలు ఆసరా కావాలి, పురుగు తనంత తానే ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకుతుంది; ఒక మూటలో పట్టిన పురుగు పక్క మూటకు పాకడం బియ్యం నిలవ చేసే ప్రతి ఇంటికీ తెలుసు. చిక్కల్లా బగ్‌ను కూడా పురుగు అనడంతోనే వస్తుంది. బగ్ దాడి కాదు, ప్రోగ్రాము రాసినవారి పొరపాటు, దాన్ని లోపం అంటే సరిపోతుంది. 1947లో హార్వర్డ్‌లోని యంత్రంలో చిమ్మట దొరకడం వల్లే ఆ పేరు వచ్చిందని ఇక్కడ ఒకరు రాశారు. చిమ్మట దొరికిన మాట నిజమే గాని, యంత్రంలోని లోపాన్ని బగ్ అనడం 1870లలో ఎడిసన్ ఉత్తరాలలోనే ఉంది.

ఎక్కువగా ఆలోచించవలసినది ట్రోజన్ గురించి, అంటే పనికొచ్చేదానిలా కనిపిస్తూ లోపల హాని దాచుకున్న ప్రోగ్రాము గురించి. 1972లో అమెరికా వైమానిక దళం కోసం జేమ్స్ ఆండర్సన్ తయారుచేసిన నివేదికలో ట్రోజన్ హార్స్ అన్న పేరు కనిపిస్తుంది. గ్రీకుల కథలో కొయ్యగుర్రాన్ని చేసినవారు గ్రీకులు. దాన్ని కానుక అనుకొని కోటలోకి లాక్కొని నాశనమైనవారు ట్రోజన్లు, అంటే ట్రాయ్ నగరవాసులు. గుర్రాన్ని వదిలేసి ట్రోజన్ అని కుదించడంతో మోసపోయినవారి పేరు మోసానికి అంటుకుంది. ఆ కథ తెలియని మన పెద్దవాళ్లకు ఆ మాటలో పట్టుకోవడానికి ఏమీ లేదు. మాయలేడి అనవచ్చునని ఒక మిత్రురాలు సూచించారు. అందమైన సూచనే గాని, మాయలేడి మనిషిని ఇంటి నుంచి బయటకు లాగుతుంది; ట్రోజన్‌ను మనమే లోపలికి తెచ్చుకుంటాం. ఆ లెక్కన పూతన దగ్గరిది: తల్లి వేషంలో వచ్చింది, గడప దాటనిచ్చారు, బిడ్డను ఒడిలోకి తీసుకోనిచ్చారు, పాలలో విషం ఉంది. పురాణం వద్దనుకునేవారికి పయోముఖ విషకుంభం అన్న నానుడి ఉండనే ఉంది. లోపలంతా విషం, పైన తేలేవి పాలు. ఆటల యాప్ అనుకొని దించుకున్నది మన మెసేజ్‌లు దొంగచాటుగా చదవడం సరిగ్గా ఇదే. రోజువారీ మాటల్లో అంత సమాసం పలకదు కాబట్టి నా ఓటు పూతనకు.

కంప్యూటర్‌లోకి చాటుగా దూరడానికి ఉంచుకునే బ్యాక్‌డోర్‌కు దొడ్డిదారి ఉండగా మరో మాట కట్టడమెందుకు? మన ఫైళ్లను బంధించి, విడిపించడానికి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్‌ను చెరపట్టే ప్రోగ్రాము అనవచ్చు. ర్యాన్సమ్ అన్న మాట తిరిగి కొనుక్కోవడమనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. 1989లో ఎయిడ్స్ సమాచారం పేరుతో టపాలో పంచిన ఫ్లాపీలు, కంప్యూటర్‌లోని ఫైళ్ల పేర్లను మరుగుపరచి, 189 డాలర్లు పనామాలోని పోస్టుబాక్సుకు పంపమన్నాయి. మన సొత్తును మనకే అమ్మడం అంటే అదే. కుదువ అన్న మాట కూడా నేను తూచి చూశాను, కాని కుదువ పెట్టేవాడు తన ఇష్టంతో పెడతాడు, ఇక్కడ ఆ ఇష్టం లేదు.

బాట్‌నెట్ ఒక్కటి మిగిలింది. బాట్ అన్నది రోబో నుంచి వచ్చింది. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకం కోసం ఆ మాటను వాడాడు, దాన్ని సూచించినవాడు ఆయన అన్న యోసెఫ్, మూలంలో ఉన్న చెక్ మాటకు అర్థం వెట్టిచాకిరి. యజమానికి తెలియకుండా వేల కంప్యూటర్ల చేత ఎవరో దూరాన కూర్చొని కూలి లేని పని చేయించుకోవడానికి వెట్టి కన్నా తగిన మాట నాకు తోచలేదు. వెట్టిమూక అని రాసుకున్నాను. మూక అంటే తమ ఇష్టంతో చేరిన అల్లరిజనం అన్న ధ్వని వస్తుందేమోనని మాత్రం వెనకాడుతున్నాను, వెట్టిదండు మేలంటారా?