టవారెస్‌ని ఐలాండర్స్ ఫ్యాన్స్ అంతలా ఎందుకు తిట్టారు?

బ్రాంప్టన్_బాబాయ్
నేను టొరంటో వచ్చాకే హాకీ చూడటం మొదలుపెట్టా, నాకు జాన్ టవారెస్ అంటే మా టొరంటో టీమ్ మేపుల్ లీఫ్స్ మనిషే. మొన్న పాత వీడియో ఒకటి కనపడింది. 2019 ఫిబ్రవరి 28న లీఫ్స్ తరఫున మొదటిసారి తన పాత టీమ్ న్యూయార్క్ ఐలాండర్స్ మీద లాంగ్ ఐలాండ్‌లో ఆడటానికి వెళ్తే, తొమ్మిది సీజన్లు తమకే ఆడాడన్న కనికరం కూడా లేకుండా అక్కడి ఫ్యాన్స్ జెర్సీలు, నమ్మకద్రోహి అన్నట్టు ప్లాస్టిక్ పాములు విసిరారు. అతని గౌరవార్థం వీడియో వేస్తే అదీ గోలలో కలిసిపోయింది. కాంట్రాక్టు అయిపోయింది, వెళ్లాడు. మనం కంపెనీ మారితే ఎవరైనా పాములు విసురుతారా?

క్వీన్స్_కుర్రాడు
వెళ్లినందుకు కాదండీ, వెళ్లిన తీరుకి. 2009 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే చోట, నంబర్ వన్‌గా తీసుకుని, కెప్టెన్ని చేసి, టీమంతా అతని చుట్టూనే కట్టారు. ముందే వేరే టీమ్‌కి ట్రేడ్ చేసి ఉంటే బదులుగా ఆటగాళ్లో, డ్రాఫ్ట్‌లో ఎంచుకునే అవకాశాలో వచ్చేవి. ఉండాలనే ఉందంటూ వచ్చి, చివరికి కాంట్రాక్టు అయ్యాక ఫ్రీ ఏజెంట్‌గా, నచ్చిన టీమ్‌కి పోయేసరికి మా చేతికి చిప్ప మిగిలింది. 2018 జులై 1న ఏడేళ్లకి 77 మిలియన్ డాలర్లకి సంతకం పెట్టాడు, పోనీలే అనుకుంటే అదే రోజు చిన్నప్పుడు లీఫ్స్ దుప్పట్లో పడుకున్న ఫొటో ట్విట్టర్‌లో పెట్టాడు. అక్కడ కాలింది మాకు. అందుకే ఆ రాత్రి జనమంతా "నీ నైట్ డ్రెస్ ఏదీ" అని అరిచారు. 6-1తో గెలిచాం కూడా, ఆ సంగతి మీరు రాయలేదు!

పాత_ఆయిలర్
టీమే ఆటగాణ్ణి అమ్మేస్తే మాత్రం ఫ్యాన్స్ ఊరుకుంటారా ఏంటి. 1988 ఆగస్టులో ఎడ్మంటన్ ఆయిలర్స్ వాళ్లు హాకీ దిగ్గజం గ్రెట్స్కీని లాస్ ఏంజెలెస్ టీమ్‌కి పంపేశారు, ఆ డీల్‌లో 15 మిలియన్ డాలర్ల నగదు కూడా ఉంది. ఓనర్ పాక్లింగ్టన్ దిష్టిబొమ్మ తగలబెట్టారు, ట్రేడ్ ఆపమని ఒక ఎంపీ ప్రభుత్వాన్నే అడిగాడు. తమాషా ఏంటంటే, కొంతమంది గ్రెట్స్కీకి కొత్తగా పెళ్లయిన భార్య జానెట్ జోన్స్‌ని ఆడిపోసుకున్నారు, ఆవిడ హాలీవుడ్ నటి కాబట్టి ఆవిడే లాక్కెళ్లిందట. ఆటగాణ్ణి ఏమీ అనలేకపోతే కోపం ఇంకెవరి మీదో పడాల్సిందే.

క్వీన్స్_కుర్రాడు
బాబాయ్, ఇంతకీ మీ లీఫ్స్‌కి ఆడిన మార్నర్ సంగతేంటి? 2025లో వేగస్ టీమ్‌కి పోయాడుగా, ఎనిమిదేళ్లకి 96 మిలియన్లు. టొరంటో పక్కనే మార్కమ్‌లో పుట్టిన కుర్రాడు, కంపెనీ మారాడు అంతే కదా?

బ్రాంప్టన్_బాబాయ్
అది వేరే లెక్క. సీజన్ చివర కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో చేతులెత్తేసి పోయాడు వాడు.

పాత_ఆయిలర్
పాములు ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి బాబాయ్ 😄