అమ్మ ఎఫ్‌డీల వడ్డీ నా అమెరికా రిటర్న్‌లో చూపించాలా?

నాకు అమెరికా పౌరసత్వం ఉంది. 2019 జూలై నుంచి విజయవాడలోనే ఉంటున్నాను. ఇక్కడ పన్ను కడుతున్నా కదా అని అక్కడ రిటర్న్‌లు వేయలేదు; పౌరులు ఎక్కడున్నా వేయాలని ఈ మధ్యే తెలిసింది. స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతిలో (తెలియక వేయనివారు పాతవి ఇప్పుడు వేసుకునే వీలు) 2022, 2023, 2024 రిటర్న్‌లు, 2019 నుంచి ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు (అమెరికా బయటి ఖాతాల వివరాలు అక్కడి ప్రభుత్వానికి తెలిపే నివేదికలు), ఫారం 14653 (కావాలని ఎగ్గొట్టలేదని ఇచ్చే ధ్రువీకరణ) సిద్ధం చేసుకున్నాను. ఒక్కచోట ఆగిపోయాను.

అమ్మ ఎఫ్‌డీలు మూడింటిలో నాది రెండో పేరు. రసీదు మీద ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు లేకపోతే మిగిలినవారు డబ్బు తీసుకోవచ్చు) అని ఉంది. అదంతా నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు, నాది ఒక్క రూపాయి లేదు. వడ్డీ అమ్మ సేవింగ్స్ ఖాతాలో పడుతుంది, టీడీఎస్ కూడా అమ్మ పాన్ మీదే. నా 26ఏఎస్ (పాన్ మీద కోసిన పన్ను చూపే పట్టిక) తీసి చూశాను, అందులో ఏమీ లేదు. ఖాతాలన్నీ కలిపితే 10,000 డాలర్లు దాటాయి కాబట్టి ఎఫ్‌బార్‌లో పూర్తి మొత్తం రాస్తున్నాను. దానిమీద సందేహం లేదు, వడ్డీ సంగతే తేలడం లేదు. ఇక్కడి సీఏగారు అమెరికా లెక్కలు తనకు తెలియవన్నారు. రిటర్న్‌లు తయారుచేసే అక్కడి ప్రిపేరర్లలో ఒకరు సగం చూపమన్నారు, ఇంకొకరు అక్కర్లేదన్నారు. 14653 ప్రమాణం చేసి సంతకం పెట్టే కాగితం, అందులో తప్పు రాయలేను.

ఇలాంటి జాయింట్ ఎఫ్‌డీలతో స్ట్రీమ్‌లైన్డ్ వేసినవారు చెప్పండి: ఆ వడ్డీని 1040లో (అమెరికా ఆదాయపు పన్ను రిటర్న్ ఫారం) మీ ఆదాయంగా చూపించారా, ఎఫ్‌బార్‌లో మాత్రమే రాశారా?