ముప్ఫై గంటల డ్యూటీ చేసినవాళ్ళకి శ్వాస క్లాసు: సాయమా, ఎగతాళా?

పోస్ట్‌డ్యూటీ
బెంగళూరులో మెడిసిన్ పీజీ రెండో ఏడాది. మాది అనంతపురం. మొన్న శనివారం మధ్యాహ్నం రెండున్నరకి మా డిపార్ట్‌మెంట్‌లో ఒత్తిడి తగ్గించుకునే శ్వాస పద్ధతుల మీద క్లాసు పెట్టారు. హాజరు తప్పనిసరి. నేను డ్యూటీ ఎక్కింది శుక్రవారం పొద్దున ఎనిమిదికి. లెక్క మీరే వేసుకోండి.

నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చాలి, నాలుగు ఆపాలి, నాలుగు వదలాలి, మళ్ళీ నాలుగు ఆపాలి. బాక్స్ బ్రీతింగ్ అట. మూడో రౌండ్‌కి నిద్రపోయాను. పక్కనున్న ఇంటర్న్ మోచేత్తో పొడిస్తే లేచాను. క్లాసు చెప్పినావిడ మాత్రం “చూశారా, ఎంత రిలాక్స్ అయ్యారో!” అని మురిసిపోయింది.

ఊపిరి సలపని పని పెట్టినవాళ్ళే ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పుతున్నారు. ఇది నిజంగా పనికొచ్చేదేనా? గంటలు తగ్గించలేక చేతిలో పెట్టిన తాయిలమా?

మత్తుడాక్టర్
పనికొస్తుంది. తాయిలం కూడా. రెండూ నిజమే.

ఖాళీ దొరికినప్పుడు మానిటర్ లీడ్స్ మీ ఛాతీకే తగిలించుకుని చూడండి. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వదిలేటప్పుడు, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పట్టు పెరగడమే కారణం. నిమిషానికి ఆరు శ్వాసల దాకా తగ్గిస్తే ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఇందులో మాయ లేదు, మనం ఫిజియాలజీలో చదివి మరిచిపోయిందే.

మొదటి ఏడాదిలో మూడేళ్ళ పిల్లకి లైన్ (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సూది) దొరకలేదు. రెండు చోట్ల పొడిచాను, రెండూ ఉబ్బాయి. తల్లి నా మొహం చూడటం లేదు, వణుకుతున్న నా వేళ్ళనే చూస్తోంది. టార్నికెట్ విప్పేసి, గోడకున్న హ్యాండ్‌రబ్ దగ్గరకెళ్ళి, చేతులు రుద్దుకుంటూ మూడుసార్లు మెల్లగా ఊపిరి వదిలాను. చేతులు రుద్దుకోవడానికి ఎలాగూ ఇరవై, ముప్ఫై సెకన్లు పడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. తిరిగొచ్చి రెండో చేతికి వేస్తే పడింది. ఊపిరి వల్లే పడిందని ఒట్టేయను, ఆ కాసేపు ఆగడం వల్ల కూడా కావచ్చు. చేతి వణుకు మాత్రం తగ్గింది.

నాలుగోబెడ్
నాకైతే తిరగబడింది అన్నా. లేబర్ రూమ్‌లో టెన్షన్‌గా ఉంటే సీనియర్ “డీప్ బ్రీత్ తీసుకో, ఇంకా గట్టిగా, ఇంకా” అంది. రెండు నిమిషాలకి పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ళు కొంకర్లు. కార్బన్ డయాక్సైడ్ అంతా ఊదేశానని తర్వాత అర్థమైంది. పరీక్షలో ఇదే రెస్పిరేటరీ ఆల్కలోసిస్ గురించి రెండు పేజీలు రాసిన మనిషిని!

మత్తుడాక్టర్
తప్పు నేర్పినావిడది. గట్టిగా కాదమ్మా, మెల్లగా. పీల్చేది మామూలుగానే, వదిలేదే ఎక్కువసేపు. తిమ్మిరి మొదలైతే లెక్కలు మానేసి మామూలుగా తీసుకోవాలి.

పాతకాపు
మా రోజుల్లో శ్వాస క్లాసులూ లేవు, ఈ ఫిర్యాదులూ లేవు. రెండు రోజులు నిలబడి పనిచేశాం, పని నేర్చుకున్నాం. ఇప్పటివాళ్ళకి ఓపిక తక్కువ.

సిల్క్‌బోర్డ్‌సిగ్నల్
సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నా. 17 గంటలు నిద్రలేకుండా ఉన్నవాళ్ళ పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోతుందని 1997లోనే ప్రయోగం చేసి చూపించారు. 24 గంటలకి అది దాదాపు 0.10. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03. పోస్ట్‌డ్యూటీలో బైక్ మీద వెళ్తుంటే పోలీసులు ఆపి ఊదమంటే నాకు సున్నానే వస్తుంది, దర్జాగా వదిలేస్తారు. సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టి కునుకు తీసింది నేనే.

మనలాంటి రెసిడెంట్ డాక్టర్ల కోసం పెట్టిన 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ స్కీమ్‌లో ఏకధాటిగా డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని రాశారు. 2023 పీజీ నిబంధనల్లో అది ‘సహేతుకమైన పని గంటలు’ అయింది. ఎవరి హేతువు? 2024లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. మీ దగ్గర ఎన్ని?

ఇంకోటి. రోజంతా స్టెత్ పెట్టి “ఉసిరు ఎళ్కొళ్ళి, బిడి” అంటుంటాం. కన్నడంలో ఉసిరంటే ఊపిరని తెలియక మొదట్లో మన ఉసురు అనుకుని ఉలిక్కిపడ్డా. ఇప్పుడు ఆ అనువాదం సరిగ్గానే ఉందనిపిస్తోంది.

పాతకాపు
ఆ 1992 సంగతి తెలుసు. అమలయిన చోటు చూడలేదు.

మనసుపీజీ
సైకియాట్రీ నుంచి ఒక్క మాట. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళ ప్రయోగంలో నెలపాటు రోజుకి ఐదు నిమిషాలు చేయించారు. రెండుసార్లు పీల్చి, ఒక్కసారి పొడుగ్గా వదలడం, అంటే ఒకరకంగా నిట్టూర్పే. ధ్యానం చేసినవాళ్ళకన్నా వీళ్ళ మూడ్ ఎక్కువ మెరుగైంది, ఆందోళన మాత్రం అందరికీ ఇంచుమించు ఒకేలా తగ్గింది. అయితే అది ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని చేసింది, రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడి కాదు. పరీక్షకో ప్రొసీజర్‌కో ముందు గుండె దడకి వాడండి, మంచిదే. వారాల తరబడి నిద్ర పట్టక, ఏదీ చేయబుద్ధి కాక, బతుకు మీద విసుగొస్తుంటే దీంతో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు. దాని జాతీయ కేంద్రం మన ఊళ్ళో నిమ్హాన్సే.

పోస్ట్‌డ్యూటీ
అందరికీ థాంక్స్. మత్తుడాక్టర్ అన్న చెప్పిన హ్యాండ్‌రబ్ చిట్కా నిన్న అసైటిస్ ట్యాప్ (పొట్టలో చేరిన నీరు సూదితో తీయడం) ముందు చేశాను, బాగానే ఉంది. కాబట్టి ‘ఎగతాళి’ అన్న మాట సగం వెనక్కి తీసుకుంటున్నా.

మిగతా సగం వినండి. ఇవాళ మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) సార్ దగ్గరకెళ్ళి, శనివారం క్లాసు తీసేసి, రోజూ రౌండ్స్‌కి ముందు ఐదు నిమిషాలు చేయిద్దాం, హాజరు పట్టీ వద్దు అని అడిగాను.

“ఐదు నిమిషాలా! రౌండ్స్ లేటైపోతాయి కదమ్మా,” అన్నారు.

పాతకాపు
ఆ కుర్చీలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. ఈసారి అడిగేటప్పుడు ఒక్కదానివే వెళ్ళకు, మీ బ్యాచ్ మొత్తం డ్యూటీ రోస్టర్ చేత్తో పట్టుకుని వెళ్ళండి.